మబ్బుల మీద బుల్లెట్టు! దిరాంగ్ నుంచి తవాంగ్ దాకా ఒక్క రోజు...

మన సినిమాల్లో డ్యూయెట్ అంటే ఒకప్పుడు ఊటీ. ఊటీ మొహం మొత్తాక కాశ్మీరు. కాశ్మీరు గొడవల్లో పడ్డాక స్విట్జర్లాండు. పాస్‌పోర్టు అక్కర్లేని మంచుకొండలు మన దేశంలోనే ఇంకో మూల వున్నాయన్న సంగతి చాలామంది నిర్మాతలకి తట్టనే లేదు. తట్టినవాడు రాకేష్ రోషన్. 1997లో విడుదలైన 'కోయ్‌లా' కోసం షారుఖ్ ఖాన్‌నీ, మాధురీ దీక్షిత్‌నీ వెంటబెట్టుకుని అరుణాచల్ ప్రదేశ్ పడమటి కొసకి ఎక్కేశాడు. అక్కడి ఓ సరస్సు దగ్గర షూటింగు జరిగింది. అంతే! సంగెత్సర్ అనే దాని అసలు పేరు వెనకబడిపోయి, "మాధురీ లేక్" అయి కూర్చుంది. హీరోయిన్‌కి గుడి కట్టిన వాళ్ళ సంగతి మనకి తెలుసు. హీరోయిన్ పేరు పెట్టుకున్న సరస్సు మాత్రం ఇక్కడే చూడాలి!

ఆ మూల పేరు తవాంగ్. సముద్రమట్టానికి సుమారు 10,000 అడుగుల ఎత్తు. ఒక పక్క టిబెట్, ఇంకో పక్క భూటాన్. అక్కడ వుండేవాళ్ళు మోన్‌పాలు. వాళ్ళ మతం టిబెటన్ బౌద్ధం, గ్రంథాలు టిబెటన్ లిపిలో, టీలో పడేది వెన్నా ఉప్పూ. మన వూళ్ళో రామాలయం ఎలాగో అక్కడ గొంపా అలాగ.

2024 అక్టోబరులో బుల్లెట్ మీద ఆ దారి పట్టాం. "పట్టాం" అన్నానని బహువచనం మర్యాద కోసం అనుకునేరు. వెనక సీట్లో మా మేనల్లుడున్నాడు. వయసు ఇరవై, చదువు ఇంజనీరింగు, పిచ్చి సినిమాలు. గౌహతిలో బండి అద్దెకి తీసుకుని, తేజ్‌పూర్, భాలుక్‌పాంగ్, బొమ్‌డిలా మీదుగా రెండు రోజుల్లో దిరాంగ్ చేరాం. ఆ రెండు రోజుల సంగతి ఇక్కడ చెప్పను. చెప్పేదల్లా మూడో రోజు గురించే. ఎందుకంటారా? సినిమా అంతా ఆ ఒక్క రీల్లోనే వుంది గనుక!

తెల్లారిందంటే తెల్లారిందే

దిరాంగ్ 5,000 అడుగుల చిల్లర ఎత్తులో వున్న చిన్న వూరు. నది, నది పక్కన పొలాలు, కివీ పళ్ళ తోటలు. జడలబర్రె అంటామే, ఆ యాక్ మీద పరిశోధనలు చేసే జాతీయ కేంద్రం కూడా ఇక్కడే వుంది. దేశమంతటికీ గడియారం ఒకటే గానీ సూర్యుడు ఒకటే టైముకి రాడు కదా! ఇక్కడ అక్టోబరులో అయిదున్నరకల్లా బాగా వెలుగొచ్చేస్తుంది. సాయంత్రం అయిదింటికే చీకటి. ఆలస్యంగా నిద్ర లేచే కుర్రాళ్ళు ఈ దారికి పనికిరారు. మావాణ్ణి దుప్పటి లాగి లేపాల్సొచ్చింది.

ఆరింటికి బండి స్టార్ట్ చేశాం. తవాంగ్ అక్కడికి సుమారు 135 కిలోమీటర్లు. "అంతేనా మావయ్యా! బెజవాడ నుంచి రాజమండ్రి దూరం కూడా లేదు. తొమ్మిదింటికి టిఫిను అక్కడే" అన్నాడు మావాడు. నేను నవ్వి ఊరుకున్నాను. కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, మలుపుల్లో కొలవాలి.

మొదటి గంట హాయిగా సాగింది. పైన్ చెట్లు, రోడ్డు మీద అడ్డంగా పడుకున్న మంచు పొగ, అక్కడక్కడా రాళ్ళతో కట్టిన ఇళ్ళు, ఇళ్ళ ముందు ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. వాటిని చూడగానే ప్రాణం లేచొచ్చింది, గుంటూరు వాసన తగిలినట్టు! ప్రతి ఇంటి మీదా, ప్రతి వంతెనకీ రంగు రంగుల గుడ్డ జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. వరసగా ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి. అంటే మన పంచభూతాలే. వాటి మీద ప్రార్థనలు అచ్చువేసి వుంటాయి. గాలికి జెండా ఎగిరినప్పుడల్లా ఆ ప్రార్థన ఊరందరికీ చేరుతుందని వీళ్ళ నమ్మకం. మైకులో సుప్రభాతం వెయ్యడం కన్నా ఈ పద్ధతే నయమనిపించింది, ఎవరి నిద్రా చెడదు!

రోడ్డు వేసి కాపాడేది సరిహద్దు రోడ్ల సంస్థ. మలుపు మలుపుకీ వాళ్ళ బోర్డులు. నిదానంగా పొమ్మనీ, తాగి నడపొద్దనీ, పెళ్ళాం పిల్లలు ఎదురుచూస్తున్నారనీ ప్రాసలు కలిపి రాస్తారు. మన డైలాగు రైటర్లు ఒకసారి ఇటు వస్తే బాగుండుననిపించింది.

సొరంగమా? శిఖరమా?

సెంగే దాటేసరికి చెట్లు పొట్టివైపోయాయి. బైశాఖీ అనే మిలిటరీ మకాం దాటాక చెట్లే లేవు. గోధుమ రంగు గడ్డి, నల్ల రాయి, తెల్ల మబ్బు. అక్కడ దారి రెండుగా చీలింది.

ఒకటి కొత్త దారి. సేలా సొరంగం. 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసి, 2024 మార్చి 9న ప్రారంభించారు. సొరంగాలు రెండు. ఒకటి సుమారు కిలోమీటరు, రెండోది 1,595 మీటర్లు. 13,000 అడుగుల ఎత్తున కొండ కడుపు తొలిచి 825 కోట్ల ఖర్చుతో చేసిన పని. గంటకు పైగా ప్రయాణం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, చలికాలంలో మంచు పడినా దారి మూతపడదు. రెండోది పాత దారి. కొండ నెత్తి మీదుగా, 13,700 అడుగుల ఎత్తున సేలా కనుమ దాటి పోతుంది.

లారీలూ, మిలిటరీ బళ్ళూ, సుమోలూ అన్నీ చక్కగా సొరంగంలోకి దూరిపోతున్నాయి. "మనం పైకి" అన్నాను. "పోనీ లోపల్నుంచి పోదాం మావయ్యా, తల కొంచెం బరువుగా వుంది" అన్నాడు మావాడు మెల్లిగా.

ఆ మాట తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ఎత్తులో గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు గానీ గాలే పలచబడిపోతుంది. సముద్రమట్టంలో వుండే ఒత్తిడిలో సుమారు అరవై శాతమే వుంటుంది. మనిషికెంత ఇబ్బందో ఇంజనుకీ అంతే. కింద పులిలా గర్జించిన బుల్లెట్టు ఇక్కడ ముసలాయన దగ్గినట్టు దగ్గుతోంది. పాత కార్బొరేటర్ బళ్ళయితే గాలి చాలక పెట్రోలు ఎక్కువైపోయి నల్లపొగ కక్కేవి. ఈ రోజుల్లో బళ్ళలో పెట్రోలు పాళ్ళు కంప్యూటరు చూసుకుంటుంది. కానీ లేని గాలిని అదెక్కణ్ణించి తెస్తుంది? రెండో గేరులోనే ఎక్కాలి.

బండి పక్కకి ఆపి మావాడికి నీళ్ళు పట్టించి ఓ పావుగంట కూచోబెట్టాను. వాంతి లేదు, మాట తడబడ్డం లేదు, నడక సరిగ్గా వుంది. పైకి వెళ్ళినా ఎక్కువసేపు ఆగకుండా అవతలికి దిగిపోవాలనీ, తల నొప్పి ఎక్కువైతే ఉన్నపళంగా వెనక్కి తిప్పెయ్యాలనీ ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఈ జబ్బుకి పెద్ద మందు కిందికి దిగడమే. హీరోయిజం పనికిరాదు.

కొండ నెత్తిన టీ కొట్టు

తొమ్మిదిన్నరకి సేలా. రంగులేసిన పెద్ద స్వాగత ద్వారం, దాని చుట్టూ వేల జెండాలు. ఆ గాలికి అవి చేసే చప్పుడు వింటే మొదటి ఆట వదిలినప్పుడు హాలు బయట జనం గోలలా వుంది. పక్కనే సేలా సరస్సు, మబ్బు తొలగినప్పుడల్లా మెరిసి మళ్ళీ మాయమవుతోంది. పైట చాటు చేసుకునే పాతకాలం హీరోయిన్ లాగ. ఈ చుట్టుపక్కల 101 సరస్సులు వున్నాయని చెప్తారు. లెక్కపెట్టే ఓపిక మాకు లేదు.

ఒకే ఒక్క టీ కొట్టు తెరిచి వుంది. రేకుల గది, మధ్యలో కట్టెల పొయ్యి. నడిపే ఆమె మోన్‌పా, నలభై దాటి వుంటాయి. అరుణాచల్‌లో హిందీ అందరికీ వచ్చు. మాది ఎలాగూ దూరదర్శన్ హిందీ. సరిపోయింది. మావాడి మొహం చూడగానే ఆవిడ ఏమీ అడక్కుండా వేడి వేడి వెల్లుల్లి సూపు గిన్నె చేతిలో పెట్టింది. నాకు వెన్న టీ ఇచ్చింది. మొదటి గుక్కకి మజ్జిగ పులుసు కాచి పంచదార మర్చిపోయినట్టు వుంటుంది. మూడో గుక్కకి ఒంట్లో కొలిమి రాజుకుంటుంది.

"బేరం ఎలా వుంది దీదీ?" అన్నాను.

"ఇదివరకు ప్రతి బండీ ఇక్కడ ఆగేది. ఆగక తప్పేది కాదు. ఇప్పుడు మీలాంటి చూడ్డానికి వచ్చేవాళ్ళే ఆగుతున్నారు" అంది.

అయితే సొరంగం మీద కోపంగా వుంటుందేమో అనుకున్నాను. పొయ్యిలోకి కట్టె తోస్తూ ఆవిడ అన్న మాట ఇంకోలా వుంది. "మంచు పడితే రోగిని ఎక్కించుకున్న బండి కూడా ఇక్కడే ఆగిపోయేది. రాత్రంతా ఈ పొయ్యి దగ్గర పడుకోబెట్టిన వాళ్ళున్నారు. తెల్లారేదాకా బతుకుతారో లేదో అని వాళ్ళ మొహాలు చూస్తూ కూచునేదాన్ని. నా కొట్టు పోతే దిరాంగ్‌లో పెట్టుకుంటా. ఆ రాత్రులు మళ్ళీ రాకుండా వుంటే చాలు."

మావాడు సూపు గిన్నె దించి ఆవిడ వైపు చూశాడు. కొండ నెత్తికి ఎక్కి జెండాల దగ్గర ఫోటో తీసుకోవాలని దిరాంగ్ నుంచీ అంటున్నవాడు ఫోటో సంగతే మర్చిపోయాడు. డబ్బులిచ్చేటప్పుడు సూపుకి తీసుకోనంది. "పిల్లాడికిచ్చాను, అమ్మలేదు" అంది.

ఆ జవాను అడిగిన కథ

దిగుతుంటే మావాడి తలనొప్పి దానంతటదే తగ్గింది. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోయాక జస్వంత్‌గఢ్.

1962 చైనా యుద్ధం మీద చేతన్ ఆనంద్ తీసిన 'హకీకత్' (1964) పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. అది లదాఖ్ కథ. ఈ కొస కథ జస్వంత్ సింగ్ రావత్‌ది. నాలుగో గఢ్‌వాల్ రైఫిల్స్‌లో రైఫిల్‌మాన్. 1962 నవంబరు 17న నూరానాంగ్ పోరులో శత్రువుల మెషీన్‌గన్ ఒకటి మనవాళ్ళని తల ఎత్తనివ్వకుండా చేస్తుంటే, దాన్ని లాక్కురావడానికి ముగ్గురు పాక్కుంటూ వెళ్ళారు. త్రిలోక్ సింగ్ నేగి, గోపాల్ సింగ్ గుసాయీ, జస్వంత్. గన్ను పట్టుకున్నారు గానీ, నేగి, జస్వంత్ ప్రాణాలతో తిరిగి రాలేదు. గుసాయీ గాయాలతో బతికాడు. జస్వంత్‌కి మరణానంతరం మహావీర చక్రం ఇచ్చారు.

ఇది రికార్డుల్లో వున్న కథ. జనం నోట్లో వున్న కథ ఇంకా పెద్దది. సేలా, నూరా అనే ఇద్దరు మోన్‌పా అమ్మాయిల సాయంతో జస్వంత్ ఒక్కడే 72 గంటలు శత్రువుల్ని నిలబెట్టాడనీ, ఆ అమ్మాయి పేరే కొండకి పెట్టారనీ చెప్తారు. సేలా పేరు 1962కి ఎంతో ముందు నుంచే పటాల్లో వుంది. టిబెటన్‌లో "లా" అంటేనే కనుమ. అయినా కథ చెప్పేవాళ్ళ కళ్ళల్లో తడి చూస్తే తర్కం చెయ్యబుద్ధి కాదు. ఈ కథనే 2019లో '72 అవర్స్' పేరుతో హిందీలో సినిమా తీశారు. ఇక్కడి స్మారకంలో ఆయన మంచం, దుప్పటి, బట్టలు, బూట్లు వున్నాయి. ఆయన ఇంకా డ్యూటీలోనే వున్నట్టు జవాన్లు రోజూ పక్క వేస్తారు, బట్టలు సిద్ధం చేస్తారు, బూట్లకి పాలిష్ పెడతారు.

దారిన పోయేవాళ్ళకి జవాన్లే టీ అందిస్తారు. గ్లాసులు పట్టుకుని మేం తెలుగులో ఏదో అనుకుంటున్నాం. కెటిల్ పట్టుకున్న జవాను చటుక్కున ఆగాడు.

"ఏటి, మనోళ్ళేనా?"

శ్రీకాకుళం యాస! పది వేల అడుగుల ఎత్తున, మంచు పొగలో, ఆ "ఏటి" వినడం ఎంత తియ్యగా వుంటుందో చెప్పలేను. అతని వూరూ, పేరూ, యూనిట్టూ రాయను. రాయకూడదు కూడా. పాతికేళ్ళుంటాయి. మావాడికంటే అయిదేళ్ళు పెద్ద, అంతే.

ఊరి సంగతులు రెండు మాటల్లో అయిపోయాయి. తర్వాత అతనడిగింది ఒకటే. "తమ్ముడూ, 'దేవర' చూసినావా? ఎలా గుంది?"

ఆ సినిమా సెప్టెంబరు 27న విడుదలైంది. తనకి జూనియర్ ఎన్టీఆర్ అంటే ప్రాణమట. ఇంటర్ చదివే రోజుల్లో టౌనుకి సైకిల్ తొక్కుకుంటూ పోయి మొదటి రోజు మొదటి ఆట చూసేవాడట. ఉద్యోగంలో చేరాక మొదటి ఆట అన్నది మళ్ళీ కుదరలేదు. పోస్టింగ్ దగ్గర ఫోను సిగ్నలు కూడా అంతంత మాత్రమే.

ఇక మావాడు చెలరేగిపోయాడు! టీ గ్లాసు గట్టు మీద పెట్టి, సముద్రం ఎలా వుందో, హీరో ఎలా దూకాడో, జనం ఎక్కడ ఈలలేశారో, అన్నీ చేసి చూపించడం మొదలెట్టాడు. పొద్దున తల బరువన్నవాడు వీడేనా అని నేనే ఆశ్చర్యపోయాను. ఇంకో ఇద్దరు జవాన్లు, ఒకాయన గఢ్‌వాలీ, ఒకాయన తమిళుడు, భాష తెలీకపోయినా నవ్వుతూ నిలబడ్డారు. ఇంటర్వెల్ అయింది. సెకండాఫ్ అయింది. క్లైమాక్స్ దగ్గరికి వచ్చేసరికి అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది సెప్పకు తమ్ముడూ. డిసెంబర్లో సెలవుంది. ఇంటికెళ్ళి సూస్తాను. అదొకటి మిగలాలి గదా!"

మావాడు నోరు మూసేశాడు. మామూలుగా వాడి నోరు మూయించడం మా అక్క వల్ల కూడా కాదు.

బండెక్కాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోయ దిగుతుండగా వెనక నుంచి అన్నాడు, "మావయ్యా, లోపల ఆ మంచం వుంది చూడు... ఆయనకి కూడా ఎవరైనా ఏదో సినిమా క్లైమాక్స్ చెప్పకుండా ఆపి వుంటారంటావా?"

నా దగ్గర జవాబు లేదు. హెల్మెట్ అద్దం దించుకుని బండి నడిపాను.

జలపాతం, ఆపైన గొంపా

జాంగ్ దగ్గర రోడ్డు బాగా కిందికి దిగుతుంది. చలి కోటు విప్పెయ్యాల్సినంత వెచ్చదనం. ఊరికి రెండు కిలోమీటర్ల లోపలే నూరానాంగ్ జలపాతం. సుమారు వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక్క దూకు! 'కోయ్‌లా'లో కనిపించే జలపాతం ఇదే. దగ్గరికి వెళ్తే తుంపరలకి ఒళ్ళంతా తడిసిపోతుంది. మాధురి ఇక్కడ నవ్వుతూ ఎలా నిలబడిందో గానీ, మా ఇద్దరికీ పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అక్కడే ఓ హోటల్లో వేడి వేడి థుక్పా తిన్నాం. నూడుల్స్ వేసిన చారు అనుకోండి. పక్కన ఎండుమిరపకాయ పచ్చడి. ఆంధ్రా వాళ్ళకి ఆ పచ్చడి ఒక్కటి చాలు, ఎక్కడైనా కాపరం పెట్టేస్తారు.

కింద పారేది తవాంగ్ చూ. ఈ నది మలుపులు తిరిగి భూటాన్‌లోకి పోతుంది. వంతెన దాటి మళ్ళీ ఎక్కుడు. మూడున్నరకి ఎదుటి కొండ మీద పసుపు కప్పుల కోట ఒకటి కనిపించింది. తవాంగ్ గొంపా!

మన దేశంలోకల్లా పెద్ద బౌద్ధ ఆశ్రమం ఇది. 1680-81లో మెరాగ్ లామా లోద్రే గ్యాత్సో కట్టించాడు. ఎక్కడ కట్టాలో తెలీక ఆయన గుహలో ప్రార్థన చేసుకుని బయటికొస్తే గుర్రం కనపడలేదట. వెతుక్కుంటూ పోతే ఈ కొండ మీద నిలబడి వుందట. "త" అంటే గుర్రం, "వాంగ్" అంటే ఎంచుకున్నది. గుర్రం ఎంచిన చోటు! లోపల రెండంతస్తుల ఎత్తు బంగారు బుద్ధుడు. మేం వెళ్ళేసరికి ఎర్ర బట్టల చిన్న లామాలు ముంగిట్లో పరుగులు పెడుతున్నారు. పదేళ్ళ కుర్రాడొకడు మా బుల్లెట్ చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, హారన్ ఒక్కసారి కొట్టనివ్వమని సైగ చేశాడు. కొట్టి పారిపోయాడు.

1959 మార్చి 31న దలైలామా టిబెట్ వదిలి సరిహద్దు దాటింది ఈ జిల్లాలోకే. ఈ గొంపాలో కొన్నాళ్ళు ఆగి, బొమ్‌డిలా మీదుగా ఏప్రిల్ 18న తేజ్‌పూర్ చేరారు. అంటే మేం మూడు రోజులు ఎక్కిన దారిలోనే ఆయన ఇల్లు విడిచి దిగారన్నమాట. మనం సరదాగా తిరిగే దారి ఇంకొకరికి తిరిగి వెళ్ళలేని దారి!

ఇక సినిమా ప్రియులకి అసలు కథ. తవాంగ్ పక్కనే ఉర్గెలింగ్ అనే చిన్న గొంపా వుంది. 1683లో అక్కడ పుట్టినవాడు ఆరో దలైలామా, త్సాంగ్యాంగ్ గ్యాత్సో. కుర్రాణ్ణి లాసాకి తీసుకెళ్ళి సింహాసనం ఎక్కించారు. ఆయనకేమో సన్యాసం పడలేదు. దీక్ష వద్దన్నాడు. జుట్టు పెంచాడు. రాత్రుళ్ళు మారువేషంలో లాసా వీధుల్లోకి జారుకునేవాడని చెప్పుకుంటారు. ప్రేమ పాటలు రాశాడు. మతగురువు రాసిన ప్రేమ పాటలు! టిబెటన్లు వాటిని నేటికీ పాడుకుంటారు. చివరికి 1706లో ఆయన్ని పదవి నుంచి దించి చైనాకి పట్టుకుపోతుండగా దారిలోనే పోయాడంటారు. అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు.

"మావయ్యా! హీరో, పాటలు, మారువేషం, విలన్లు, ట్రాజెడీ... అన్నీ వున్నాయి. మనవాళ్ళెవరూ తియ్యరేం?" అన్నాడు మావాడు. ఈ పేజీ చదివే నిర్మాతలెవరైనా వుంటే ఆలోచించండి. లొకేషన్‌కి సెట్టు వెయ్యక్కర్లేదు.

మాధురీ సరస్సు బూమ్ లా వెళ్ళే దారిలో ఇంకా పైన వుంది. దానికి తవాంగ్‌లో వేరే అనుమతి తీసుకోవాలి. అది మర్నాటి పని.

వెళ్ళాలనుకునే కుర్రాళ్ళకి నాలుగు ముక్కలు. అరుణాచల్‌లో అడుగు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి, ఇంటి దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గౌహతి నుంచి ఒక్క ఊపున ఎక్కొద్దు, దిరాంగ్‌లోనో బొమ్‌డిలాలోనో రాత్రి ఆగండి. ట్యాంకు నిండా పెట్రోలు, ఒంటి నిండా బట్టలు, సంచి నిండా నీళ్ళు. నాలుగున్నర తర్వాత బండి కదిలించొద్దు. సేలా మాత్రం వెళ్ళేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా ఒక్కసారి పై దారినే దాటండి. ఆ టీ కొట్టు ఇంకా తెరిచే వుంటే ఆగండి. జస్వంత్‌గఢ్‌లో తెలుగు వినిపిస్తే, కొత్త సినిమా ఏదైనా చూసి వుంటే, కథ చెప్పండి.

క్లైమాక్స్ మాత్రం చెప్పకండి!